‘డీసీఎం’ లోపల ఏ గేరుబాక్సు?
పాత లారీల గేరుబాక్సును గుర్తుపట్టే పద్ధతి



ఆరాంఘర్ చౌరస్తా నుంచి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాద్ దాకా ఒకసారి బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. రోడ్డుకు రెండు వైపులా లారీ షెడ్లు, టైరు పంక్చర్ దుకాణాలు, కమాను పట్టీల పనివాళ్ళు కనిపిస్తారు. ఒకప్పుడు ఇది 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 44వ నంబరు అయింది. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది చివర గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగు రోడ్డు ఇక్కడికి చేరింది. విమానాలు వచ్చినా లారీలు మాత్రం పోలేదు. ఇటుక, కంకర, కూరగాయలు, ఇంటి సామాను ఏది కదలాలన్నా ఇప్పటికీ లారీయే దిక్కు.

మన హాస్టల్ పిల్లల్లో చాలామంది ఇళ్ళకు ఈ లారీలతో సంబంధం ఉంటుంది. కొందరి నాన్నలు డ్రైవర్లు, కొందరి అన్నలు క్లీనర్లు. మరికొందరు సెలవుల్లో షెడ్డులో పానాలు అందించే పనికి పోతారు. అందుకే ఈ సంచికలో కథ, కవిత కాకుండా చేతికి పనికొచ్చే ఒక పాఠం రాయాలని అనుకున్నాం. మధ్య తరహా పాత లారీలో ఉన్న గేరుబాక్సు ఏ రకమో, ఎవరి తయారీయో ఎలా తెలుసుకోవాలన్నదే ఆ పాఠం. గేరుబాక్సు పేరు తప్పు చెబితే సామాను తప్పు వస్తుంది. సామాను తప్పు వస్తే బండి ఆగుతుంది. బండి ఆగితే ఒక ఇంట్లో ఆ రోజు కూలి ఆగుతుంది. ఈ సంగతి మాకు అనుభవం మీద తెలిసింది. దాన్ని కూడా దాచకుండా కింద చెబుతాం.

1. పిలిచే పేరు వేరు, బండి వేరు

మన దగ్గర మధ్య తరహా లారీని ‘డీసీఎం’ అంటాం. పేపర్లో కూడా ‘డీసీఎం బోల్తా’ అనే రాస్తారు. ఇది నిజానికి ఒక కంపెనీ పేరు. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు కొత్త చిన్న లారీలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. బస్సు బాడీలకు, ఫ్రిజ్‌లకు, వాచీలకు పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నుంచే ఈ చివరిది పుట్టింది. తరువాత అది మహీంద్రా చేతికి వెళ్ళింది. వీటికి పోటీగా టాటా వారు 1986లో 407ను దించారు.

డీసీఎం టయోటా 1990ల మధ్యలో డేవూ కంపెనీ చేతికి పోయింది. ఆ లారీల తయారీ ఆగి చాలా ఏళ్ళయింది. పేరు మాత్రం మన నోట్లో నిలిచిపోయింది. ఇప్పుడు ‘డీసీఎం’ అని పిలిచే బండి దగ్గరికి పోయి చూస్తే అది ఐషర్ కావచ్చు, స్వరాజ్ మజ్దా కావచ్చు, టాటా కావచ్చు. కాబట్టి ఎవరైనా ఫోను చేసి “డీసీఎం గేరుబాక్సు పోయింది” అంటే ఆ మాటలో గేరుబాక్సు గురించి మనకు తెలిసింది ఏమీ లేదన్నమాట.

వీటికంటే ముందు తరం బండ్లు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. టెల్కో సంస్థ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేసింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘టాటా బెంజ్’ అనడం అందుకే. మద్రాసులో అశోక్ లేలాండ్ వారి కామెట్, బొంబాయిలో ప్రీమియర్ వారి డాడ్జ్, ఫార్గో, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డ్ కూడా ఆ తరానివే.

2. గేరుబాక్సు చేసే పని

డీజిల్ ఇంజను ఒక పరిమితి లోపలే బాగా లాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం నెమ్మదిగా తిరగాలి, బలం ఎక్కువ కావాలి. చదును రోడ్డు మీద చక్రం వేగంగా తిరగాలి, బలం తక్కువైనా చాలు. ఇంజనుకూ చక్రానికీ మధ్య ఉండి ఈ బేరం కుదిర్చేదే గేరుబాక్సు. సైకిల్ మీద ఇద్దరిని ఎక్కించుకుని గట్టు ఎక్కినవాడికి ఇది వేరే చెప్పనక్కర లేదు.

లోపల ముఖ్యంగా మూడు షాఫ్టులు ఉంటాయి. ఇంజను నుంచి వచ్చేది ఇన్‌పుట్ షాఫ్టు. దాని కింద సమాంతరంగా ఉండేది లే షాఫ్టు. చక్రాల వైపు పోయేది మెయిన్ షాఫ్టు. వెనక్కి పోవడానికి మధ్యలో ఒక చిన్న గేరు అదనంగా చేరుతుంది. దాన్ని ఐడ్లర్ అంటారు.

3. మూడు రకాలు

(అ) స్లైడింగ్ మెష్: గేరు రాడ్ కదిపితే గేరు చక్రమే జరిగి ఇంకొక చక్రంతో కలుస్తుంది. పళ్ళు నిలువుగా ఉంటాయి. రెండు చక్రాల వేగం సమానం కాకుండా కలిపితే పళ్ళు కొట్టుకుంటాయి. ఇది అన్నిటికంటే పాత పద్ధతి.

(ఆ) కాన్‌స్టంట్ మెష్: గేర్లన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మెయిన్ షాఫ్టు మీది గేరు షాఫ్టుకు పట్టు లేకుండా ఊరికే తిరుగుతుంటుంది. గేరు వేసినప్పుడు ‘డాగ్ క్లచ్’ అనే పళ్ళ కడియం జరిగి ఆ గేరును షాఫ్టుకు పట్టిస్తుంది. గేర్లు కదలవు కాబట్టి ఏటవాలు పళ్ళు పెట్టవచ్చు. ఏటవాలు పళ్ళు ఒక్కసారిగా తగలకుండా మెల్లగా కలుస్తాయి, అందుకే చప్పుడు తక్కువ.

(ఇ) సింక్రోమెష్: ఇదీ కాన్‌స్టంట్ మెషే. అయితే డాగ్ పళ్ళకు ముందు శంకువు ఆకారంలో ఒక రింగు ఉంటుంది. పాత బాక్సుల్లో ఎక్కువగా ఇది ఇత్తడిది. ఈ రింగు ముందుగా రాపిడితో రెండింటి వేగాన్ని సమానం చేస్తుంది, ఆ తరువాతే పళ్ళు కలుస్తాయి. దీన్ని మొదట 1928లో అమెరికాలోని క్యాడిలాక్ కారులో పెట్టారు. లారీలకు వచ్చేసరికి చాలా కాలం పట్టింది.

ఒక బాక్సులో ఒకే రకం ఉండాలని నియమం లేదు. చాలా పాత లారీల్లో ఫస్టు, రివర్సు స్లైడింగ్ మెష్‌గా, మిగతావి కాన్‌స్టంట్ మెష్‌గా లేదా సింక్రోగా ఉంటాయి. రివర్సులో బండి ‘కూ’మని కూయడం మీరు వినే ఉంటారు. అక్కడ నిలువు పళ్ళు ఉండటమే దానికి కారణం.

మొదటి రెండు రకాల్లో డ్రైవరు ‘డబుల్ క్లచ్’ కొట్టాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, కింది గేరుకు పోతుంటే కొంచెం యాక్సిలేటర్ ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. సింక్రో రింగు చేసే పనిని ఇక్కడ డ్రైవరు కాలు చేస్తుందన్నమాట.

4. మేము చేసిన తప్పు

ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలైన తరువాత మేము ముగ్గురం ఈ రోడ్డు మీది ఒక షెడ్డులో పనికి కుదిరాం. అక్కడి మిస్త్రీకి చదువు రాదు. మాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కదా అని కొంచెం గర్వం కూడా ఉండేది. ఒకరోజు ఆయన ఊరికి పోయినప్పుడు ఒక పాత లారీ వచ్చింది. ఓనరే డ్రైవరు. సెకండు గేరు వేస్తుంటే గరగరమని అరుస్తోందన్నాడు. మేము పక్కన కూర్చుని చూశాం. ఆయన డబుల్ క్లచ్ కొడుతున్నాడు, గేరు అరుస్తోంది. ఇంకేముంది, ఇది కాన్‌స్టంట్ మెష్ అని తేల్చేశాం. ఆ లెక్కనే చెప్పి సామాను తెప్పించాం.

బాక్సు తెరిస్తే లోపల అరిగిపోయిన ఇత్తడి రింగు ఉంది. అది సింక్రో బాక్సు. తెచ్చిన సామాను సరిపోలేదు. గ్రీజు అంటిన సామాను దుకాణం వాళ్ళు వాపసు తీసుకోలేదు. రెండు రోజుల కిరాయి పోయింది. ఆ ఓనరు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోను చేసి, ఇంకో రెండు రోజులు పడుతుందని చెప్పాడు. ఆయన తిట్టి ఉంటేనే మాకు బాగుండేది.

తిరిగి వచ్చిన మిస్త్రీ ముందుగా అడిగింది ఆయిల్ ఎక్కడ పారబోశారని. డబ్బాలో ఉన్న ఆ పాత ఆయిల్లో అయస్కాంతం తిప్పాడు. ఇనుప పొడి దానికి అంటుకుంది. అంటుకోకుండా అడుగున బంగారంలా మెరుస్తూ మిగిలింది ఇత్తడి పొడి. తెరవకముందే ఆయిల్ చెప్పిన మాటను మేము వినలేదు.

మేము ఎక్కడ పొరబడ్డాం? సింక్రో రింగు అరిగితే ఆ బాక్సు కూడా కాన్‌స్టంట్ మెష్ లాగే అరుస్తుంది. ఇక డబుల్ క్లచ్ అంటారా, పాత డ్రైవర్లు అలవాటు కొద్దీ ఏ బండిలోనైనా కొడతారు. రెండు గుర్తులు చూశామని మేము అనుకున్నాం. నిజానికి ఆ రెండూ గుర్తులే కావు. ఆ తరువాత మిస్త్రీ దగ్గర నేర్చుకున్న వరుసే కింద ఇస్తున్నాం.

5. గుర్తుపట్టే వరుస

మొదటి మెట్టు – ఆర్‌సీ చూడండి. అందులో తయారీ కంపెనీ, మోడల్, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఇంజను నంబరు, ఛాసీ నంబరు కూడా ఉంటాయి. గేరుబాక్సు నంబరు మాత్రం ఉండదు. కాబట్టి ఇరవై ఏళ్ళు తిరిగిన బండిలో ఇంకో బండి బాక్సు బిగించినా ఆర్‌సీలో కనిపించదు. ఆర్‌సీ చెప్పేది ‘ఉండవలసిన’ బాక్సు, ‘ఉన్న’ బాక్సు కాదు. మోడల్ నంబరు నుంచి బండి బరువు అందుతుంది. ఉదాహరణకు టాటా 1613 అంటే మొత్తం బరువు 16 టన్నులు, శక్తి సుమారు 130 హార్స్ పవర్.

రెండో మెట్టు – రేకు వెతకండి. బాక్సు పక్కన చిన్న అల్యూమినియం రేకు రివిట్లతో బిగించి ఉంటుంది. మట్టి, గ్రీజు గీకి, డీజిల్ గుడ్డతో తుడిచి చూడండి. స్క్రూడ్రైవరుతో గీకితే అక్షరాలు పోతాయి జాగ్రత్త. టాటా బాక్సు మీద ‘జీబీఎస్’ అని ఉంటే సింక్రోమెష్. జీబీఎస్ 40 బాక్సు 1613 వంటి బండ్లలో, జీబీఎస్ 27 బాక్సు 407లో వచ్చాయి. ఈ 40, 27 గేర్ల సంఖ్య కాదు. జర్మనీ జెడ్ఎఫ్ వారి పద్ధతి వేరు. ‘ఎస్ 6-36’ అంటే ఎస్ సింక్రోకు గుర్తు, 6 ముందు గేర్ల సంఖ్య. ‘ఎస్’ బదులు ‘ఏకే’ ఉంటే కాన్‌స్టంట్ మెష్. జెడ్ఎఫ్ బాక్సులు మన దేశంలో అశోక్ లేలాండ్ బండ్లలో కనిపిస్తాయి.

మూడో మెట్టు – పోత నంబరు, పంచ్ నంబరు వేరు చేయండి. పెట్టె మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు పోత పోసినప్పుడు వచ్చినవి. అవి ఆ పెట్టె ముక్కకు చెందినవి మాత్రమే. ఒకే పెట్టెలో వేర్వేరు పళ్ళ లెక్క గల గేర్లు బిగించి ఉండవచ్చు. లోపలికి గుచ్చినట్టు ఉన్న అంకెలు పంచ్ కొట్టినవి, అవి బాక్సు వరుస నంబరు. దుకాణానికి ఫోను చేసేటప్పుడు రెండూ విడివిడిగా, ఏది ఏదో చెప్పాలి.

నాలుగో మెట్టు – పెట్టెను చదవండి. అయస్కాంతం అంటుకుంటే పోత ఇనుము, లేకపోతే అల్యూమినియం. క్లచ్ హౌసింగు బాక్సుతో కలిసి పోశారా, విడిగా బోల్టులతో బిగించారా? పై మూతకు బోల్టులు ఎన్ని? టిప్పరు పంపుకు శక్తి తీసుకునే కిటికీ ఏ వైపు ఉంది? దాని మూతకు బోల్టులు ఎన్ని? వెనక ఫ్లాంజికి రంధ్రాలు ఎన్ని, ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం ఎంత? ఇవన్నీ కాగితం మీద బొమ్మ గీసి రాయండి. అమెరికాలో పాత లారీలను బాగుచేసేవారు స్పైసర్, క్లార్క్, న్యూ ప్రాసెస్, వార్నర్ బాక్సులను వేరు చేసేదీ ఈ కొలతలతోనే. అక్కడా చూపు మోసం చేస్తుంది. వార్నర్ టీ-18, టీ-19 బయటికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ టీ-18 ఫస్టు గేరుకు సింక్రో లేదు, టీ-19కు ఉంది.

ఐదో మెట్టు – గేరు రాడ్ కదిపి చూడండి. ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఎన్ని వరుసలు ఉన్నాయో, ఒక్కో వరుసలో ఎన్ని స్థానాలో లెక్కపెట్టండి. చాలా పాత ఐదు గేర్ల లారీల్లో ఫస్టు, రివర్సు ఒక పక్కన ఎదురెదురుగా ఉంటాయి. 2-3 ఒక వరుస, 4-5 ఒక వరుస. రాడ్ గుండు మీది బొమ్మను మాత్రం నమ్మకండి. గుండు సంతలో కొని పెట్టింది కావచ్చు.

ఆరో మెట్టు – ఆయిల్ చూడండి. డ్రెయిన్ ప్లగ్గు తీసి శుభ్రమైన పళ్ళెంలో పట్టండి. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు ఉంటే ఇత్తడి రింగు ఉందని అనుమానించవచ్చు. అనుమానం మాత్రమే. కొన్ని బాక్సుల్లో వాషర్లు, బుష్‌లు కూడా ఇత్తడి లేదా కంచువే ఉంటాయి.

ఏడో మెట్టు – పై మూత తీసి కళ్ళతో చూడండి. ఇక్కడ సందేహం తీరుతుంది. గేరు చక్రమే జరిగితే స్లైడింగ్. చక్రం జరగకుండా కడియం మాత్రమే జరిగితే కాన్‌స్టంట్ మెష్. ఆ కడియానికీ గేరుకూ మధ్య శంకువు రింగు ఉంటే సింక్రో. ఒక్క గేరు చూసి అన్నీ అంతే అనుకోకూడదు. ప్రతి గేరునూ విడిగా చూడండి.

ఈ మెట్లలో కనీసం మూడు ఒకే మాట చెప్పినప్పుడే బాక్సు పేరు పలకాలి. ఒక్కటి తేడా వచ్చినా సామాను చెప్పకూడదు.

6. పళ్ళ లెక్క

ఒకే రకం బాక్సులో కూడా గేర్ల నిష్పత్తి వేరుగా ఉండవచ్చు. అది తేల్చాలంటే పళ్ళు లెక్కపెట్టాలి. ఎనిమిదో తరగతి నిష్పత్తి లెక్కలు చాలు.

ఉదాహరణకు ఇన్‌పుట్ గేరుకు 20 పళ్ళు, దానితో కలిసే లే షాఫ్టు గేరుకు 40 పళ్ళు అనుకుందాం. 40 ÷ 20 = 2. ఇది అన్ని గేర్లకూ ఉమ్మడి. (టాప్ గేరు నేరుగా పోతే దానికి ఇది వర్తించదు.)

ఫస్టు: లే షాఫ్టు 15, మెయిన్ షాఫ్టు 45. 45 ÷ 15 = 3. మొత్తం 2 × 3 = 6.
సెకండు: లే షాఫ్టు 24, మెయిన్ షాఫ్టు 36. 36 ÷ 24 = 1.5. మొత్తం 2 × 1.5 = 3.
థర్డు: లే షాఫ్టు 30, మెయిన్ షాఫ్టు 30. 30 ÷ 30 = 1. మొత్తం 2 × 1 = 2.
టాప్: ఇన్‌పుట్, మెయిన్ షాఫ్టులు నేరుగా కలుస్తాయి. నిష్పత్తి 1.

అంటే ఫస్టులో ఇంజను 6 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. రాపిడి నష్టం వదిలేస్తే తిప్పే బలం ఆరింతలవుతుంది. ఇంకో విశేషం గమనించండి. ప్రతి జతలోనూ పళ్ళు కూడితే 60 వస్తుంది. రెండు షాఫ్టుల మధ్య దూరం ఒకటే కాబట్టి, పళ్ళ సైజు, వాలు ఒకటే అయితే మొత్తం కూడా ఒకటే రావాలి. నిజం బాక్సుల్లో పళ్ళ సైజు మారడం వల్ల కొద్దిగా తేడా ఉంటుంది. మీ లెక్కలో పెద్ద తేడా వస్తే మాత్రం మళ్ళీ లెక్కపెట్టండి. రివర్సులో ఒక్క చక్రంగా ఉండే ఐడ్లర్ పళ్ళు ఎన్ని ఉన్నా నిష్పత్తి మారదు, దిశ మాత్రమే మారుతుంది.

బాక్సు కిందికి దించి ఉంటే తెరవకుండానే తెలుసుకునే ఉపాయం ఉంది. గేరు వేసి, వెనక ఫ్లాంజి మీద చాక్‌పీసుతో గీత పెట్టి, ఫ్లాంజి ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పి చుట్లు లెక్కపెట్టాలి. టాప్‌లో ఒక చుట్టుకంటే తక్కువకే ఫ్లాంజి ఒక చుట్టు తిరిగితే అది ఓవర్‌డ్రైవ్ బాక్సు.

7. ఆయిల్ విషయం

రకం తెలియకపోతే ఆయిల్ కూడా తప్పు పోస్తాం. సాధారణంగా ఇత్తడి రింగులున్న సింక్రో బాక్సుకు జీఎల్-4 తరగతి ఆయిల్ చెబుతారు. క్రౌను గేరుకు వాడే జీఎల్-5లో ఒత్తిడిని తట్టుకునే గంధకం వంటి మందులు ఎక్కువ. వాటిలో కొన్ని ఇత్తడిని తింటాయి. పైగా రింగుకు కావలసిన రాపిడి కూడా సరిగా అందకపోవచ్చు. ఎక్కువ నంబరు మంచి ఆయిల్ అనుకుని పోయడం షెడ్లలో తరచుగా జరిగే పొరపాటు. తయారీ కంపెనీ పుస్తకంలో ఏది ఉంటే అదే పోయాలి.

8. జాగ్రత్తలు

జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. గట్టి స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. బ్యాటరీ వైరు తీయాలి. గేరుబాక్సు ఒక మనిషి ఎత్తే బరువు కాదు, చైను పుల్లీ లేకుండా దించవద్దు. బండి ఇప్పుడే వచ్చి ఉంటే ఆయిల్ చల్లారనివ్వాలి. పారబోసిన ఆయిల్ మోరీలో కలపవద్దు.

9. చివరి మాట

పాత లారీలు ఏటేటా తుక్కుకు పోతున్నాయి. వాటిని చేత్తో తడిమి గుర్తుపట్టే మిస్త్రీలు కూడా పెద్దవారవుతున్నారు. వారికి తెలిసింది వారి పిల్లలు తప్ప ఇంకెవరూ రాసిపెట్టరు. మాకు రేకు మీది అక్షరాలు చదవడం వచ్చింది గానీ బాక్సు తెలియలేదు. మిస్త్రీకి అక్షరాలు రావు గానీ బాక్సు తెలుసు. అందుకే తమ్ముళ్ళూ, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. మీ నాన్ననో, మామనో, పక్కింటి డ్రైవరు అన్ననో అడిగి ఒక్కో బండికి ఒక్కో పేజీ పెట్టండి. రేకు మీద ఏముంది, బోల్టులు ఎన్ని, పళ్ళు ఎన్ని, ఏ గేరు ఎలా పడుతుంది అన్నవి రాయండి. వచ్చే ఏడాది సంచికకు ఆ పేజీలు తెస్తే మేము కూర్చుని సరిచూస్తాం. మేము పోగొట్టిన రెండు రోజుల కిరాయి ఇంకొక ఓనరుకు పోకుండా ఉంటే ఈ పాఠం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

సాధన ప్రశ్నలు

1. డ్రైవరు డబుల్ క్లచ్ కొడుతున్నాడు కాబట్టి ఆ బాక్సుకు సింక్రో లేదని చెప్పవచ్చా? ఎందుకు?
2. ఆర్‌సీలో ఉన్న మోడల్, బాక్సు మీది రేకు వేర్వేరు మాటలు చెబితే సామాను దేని ప్రకారం తేవాలి?
3. ఇన్‌పుట్ గేరు 20, లే షాఫ్టు గేరు 40, లే షాఫ్టు మీది సెకండు గేరు 20, మెయిన్ షాఫ్టు మీది సెకండు గేరు 40 పళ్ళు. సెకండు గేరు నిష్పత్తి ఎంత? (జవాబు: 4)
4. అయస్కాంతానికి అంటని పసుపు పొడి ఆయిల్లో కనిపిస్తే వెంటనే ‘సింక్రో బాక్సు’ అని రాయవచ్చా? ఇంకా ఏ రెండు గుర్తులు చూడాలి?